ఆషాఢంలో కడిగిన మూడు ఫ్లాస్కులు

పాత్ర శుభ్రమైందో లేదో నేను వేలితో చూసి చెప్పేదాన్ని. లాల్‌దర్వాజాలో మా అత్తగారింటికి కోడలిగా వచ్చినప్పుడు ఆ ఇంటి వెనక కొట్టంలో పదకొండు బర్రెలుండేవి. పాల క్యాన్లు కడగడం నా వంతు. బూడిద వేసి కొబ్బరిపీచుతో తోమి, వేడినీళ్లతో కడిగి, చివర్లో కుడిచేతి చూపుడువేలు క్యాను మెడ లోపల చుట్టూ తిప్పాలి. కీచుమంటే జిడ్డు పోయినట్టు, జారితే పోనట్టు. జారిన క్యానులో పోసిన పాలు మధ్యాహ్నానికి విరిగిపోయేవి. మా అత్త నోరు మాత్రం సాయంత్రం దాకా నడిచేది. తర్వాత బర్రెల్ని ఊరి బయటికి తరలించారు, ఆ తర్వాత అమ్మేశారు. వేలి అలవాటు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఆ అలవాటుతో ఒక ఆషాఢమాసంలో నేను చేసిన పని గురించి ఇది రాస్తున్నాను.

పాతబస్తీ అంచున ఉన్న ఒక ఫార్మసీ కాలేజీలో కాంట్రాక్టు మీద ఊడ్చే పనికి చేరాను. నాకు అప్పటికి చదువు రాదు. నలభై ఆరేళ్ల వయసులో, మా గల్లీ కమ్యూనిటీ హాలులో ఒక రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు చదువు చెబుతోందని విని వెళ్లి కూర్చున్నాను. రెండేళ్లకు తెలుగు చదవడం, రాయడం వచ్చింది. ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు పోల్చుకోవడం వచ్చింది. ఆ సంగతి తెలిసి కాలేజీలో నన్ను మూడో అంతస్తు ల్యాబ్‌కు మార్చారు. అక్కడ గాజు సామాను కడిగే మనిషికి సీసాల మీద రాసింది చదవడం రావాలి.

ఆ ల్యాబ్‌లో ఒక అమ్మాయి పీహెచ్‌డీ చేస్తుండేది. చార్మినార్ అవతలి గల్లీలో వాళ్ల ఇల్లు. నన్ను ఖాలా అని పిలిచేది, అంటే పిన్ని అని. నేను బిడ్డా అనేదాన్ని. గాజు సామాను ఎలా కడగాలో నా కోసం తనే తెలుగులో ఒక కాగితం మీద రాసి సింకు పైన అతికించింది. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్ల కదా, తెలుగు అక్షరాలు నావాటికన్నా వంకరగా ఉండేవి. 'గ్లవ్స్ తీయవదు' అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. ఆ దకు వత్తు పెట్టింది నేనే.

"నాకన్న మీకే మంచిగొచ్చింది ఖాలా," అని నవ్వింది.

"మరి రోజంతా గీ సీసాలతోని ఏం చేస్తవ్ బిడ్డా?" అని ఒక రోజు అడిగాను.

"క్యాన్సర్ కణం ఉంటది గదా, దాని లోపటికి ఒక చిట్టీ పంపాలె ఖాలా."

"ఏం చిట్టీ?"

"జీన్. హుకుం అనుకోండి. 'ఇంక పెరగకు, చచ్చిపో' అని ఉంటది దాంట్ల. మంచి కణంల ఆ హుకుం ఉంటది. క్యాన్సర్ కణంల అది ఖరాబైపోతది. మనం మళ్ల మంచిది పంపాలె."

"పంపు మరి."

"గట్ల ఊకే పోదు. ఒంట్లకు ఇచ్చినమంటే తోవల్నే ముక్కలైతది. కొందరు వైరస్‌ను బండి లెక్క చేసి దాంట్ల పెట్టి పంపుతరు. వైరస్‌కు కణంలకి దూరుడు మంచిగొస్తది. కానీ ఒళ్లు ఊకుంటదా, దాని మీదికి కొట్లాటకొస్తది. అందుకే మేం వైరస్ లేకుంట పంపాలని చూస్తున్నం. కొవ్వుతోని చిన్న చిన్న బుడగలు చేస్తం. కంటికి గూడ కనవడవు. జీన్ వాటికి అతుక్కుంటది. కణం గోడ గూడ కొవ్వుదే, జల్దీ లోపటికి రానిస్తది."

పాలవాళ్ల ఇంట్లో ముప్పై ఏళ్లు ఉన్నదాన్ని. కొవ్వు దేన్నయినా ఎలా పట్టుకుంటుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"మందు ఎప్పుడైతది ఇది?"

"తెల్వదు ఖాలా. అబద్ధమెందుకు, నా జిందగీలనన్న కావాలె."

అసలు హుకుం పంపే ముందు ఆ అమ్మాయి ఒక ఉత్తుత్తి హుకుం పంపి చూసేది. అందులో 'ఆకుపచ్చగా వెలుగు' అని ఉంటుంది. జీన్ లోపలికి చేరితే కణం చీకటిగదిలోని మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. చేరకపోతే నల్లగా ఉండిపోతుంది. నాలుగేళ్లుగా బుడగల పాళ్లు మార్చి మార్చి చేసింది. అక్కడొకటి ఇక్కడొకటి వెలిగేవి, అంతే. ఇక ఆ పని సాగించాలా, ఎలుకల మీద చేసి చూడాలా, ఇంతటితో ఆపేయాలా అన్నది తేల్చడానికి బయటి నుంచి పెద్దలు ఒక శుక్రవారం వస్తున్నారు. ఆపమంటే ఆమె నాలుగేళ్లూ పోయినట్టే. ల్యాబ్‌లో అందరికీ ఆ సంగతి తెలుసు.

ఆ బుడగల్ని గుండ్రటి గాజు ఫ్లాస్కులో చేస్తారు. కొవ్వును క్లోరోఫాంలో కరిగించి, ఫ్లాస్కును తిప్పుతూ ఆ క్లోరోఫాంను ఆవిరి చేస్తే, కొవ్వు లోపలి గోడకు పలచటి పొరలా అంటుకుంటుంది. అందులో నీళ్లు పోసి కదిపితే బుడగలు. ఆ ఫ్లాస్కులు కడిగేది నేను. కడిగాక ఒక రిజిస్టరులో రాయాలి. తేదీ, ఫ్లాస్కు నంబరు, సబ్బు, డిస్టిల్డ్ నీళ్లు, గ్లవ్స్, సంతకం. సబ్బుకు, నీళ్లకు, గ్లవ్స్‌కు టిక్కు పెట్టాలి. టిక్కులు పెట్టడం నాకు ముచ్చటగా ఉండేది. వరస మొత్తానికి ఒకేసారి గబగబా పెట్టేసి చివర నా సంతకం చేసేదాన్ని.

కానీ గ్లవ్స్ తొడిగిన వేలికి కీచు తెలియదు. అందుకని చివర్లో కుడిచేతి గ్లవ్ తీసి, వేలు ఫ్లాస్కు మెడ లోపల తిప్పి చూసి, ఒకసారి నీళ్లతో తొలిపి, మళ్లీ తొడుక్కునేదాన్ని. వద్దని రాసి ఉందని తెలుసు. నాకన్నా బాగా కడిగేవాళ్లు ఎవరని కూడా అనుకునేదాన్ని.

ఆ ఏడు మా బోనాలకు ఎనిమిది ఇళ్లకు పసుపు నేనే కొట్టాను. కొన్న పొడి మా ఇంట్లో అమ్మవారికి వాడం. కొమ్ములు తెచ్చి రోట్లో దంచి, జల్లెడ పట్టి, తడిపి బోనం కుండలకు చేత్తో పూస్తాం. కాళ్లకు, ముఖాలకు కూడా అదే. నా అరచేతులు ఆ వారమంతా పసుపు ముద్దల్లాగే ఉంటాయి. ఆదివారం బోనం ఎత్తుకున్నాను. సోమవారం సెలవు. మంగళవారం పనికి వెళ్లి మూడు ఫ్లాస్కులు కడిగాను. మూడింట్లోనూ వేలు తిప్పాను. మూడూ కీచుమన్నాయి. టిక్కులు పెట్టి సంతకం చేశాను.

బుధవారం ఆ అమ్మాయి కొత్త పాళ్లతో బుడగలు చేసింది. శుక్రవారం పొద్దున చీకటిగదిలోంచి పరుగెత్తుకొచ్చి నా భుజాలు పట్టుకుని ఊపేసింది.

"ఖాలా! మొత్తం! మొత్తం వెలుగుతున్నయి!"

ఫోనులో ఫొటో చూపించింది. నల్లటి ఆకాశం నిండా ఆకుపచ్చ చుక్కలు. ఆమె గైడు, ల్యాబ్‌కు పెద్ద అయిన సారు, ఎప్పుడూ గట్టిగా నవ్వని మనిషి, ఆ రోజు కింది క్యాంటీన్ నుంచి అందరికీ ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. అవే బుడగలతో మర్నాడు ఇంకోసారి చేసింది. మళ్లీ వెలిగాయి. వచ్చే శుక్రవారం పెద్దలు రావడానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

సోమవారం సాయంత్రం నేనూ మా యారాలూ, అంటే మా మరిది భార్య, జాకెట్టు ముక్కల కోసం బట్టల దుకాణానికి వెళ్లాం. దుకాణం భాయ్ దగ్గర నోట్లు చూసే చిన్న ఊదారంగు లైటు ఉంది. నేను ఇచ్చిన నోటు దాని కిందికి తోశాడు. నా చెయ్యి ఇంకా నోటు మీదే ఉంది. నా చూపుడువేలి గోటి చుట్టూ, వేలి గీతల్లో, ఆకుపచ్చగా వెలిగింది.

"నోటు అస్లీ ఉందమ్మా," అన్నాడు భాయ్. "నీ హాతే నక్లీ ఉన్నట్టుంది!"

"మా అక్కకు అమ్మవారు పూనింది భాయ్, జర డిస్కౌంట్ ఇయ్యి, లేకుంటే నీ మీదికొస్తది," అంది మా యారాలు.

ఇద్దరూ నవ్వుతున్నారు. నేను చెయ్యి తీయలేదు. ఇంకో వేలు పెట్టి చూశాను. అదీ వెలిగింది. నాలుగు సార్లు కడిగినా పోని పసుపు. నెయ్యి గిన్నెలో పసుపు పడితే నీళ్లకు పోదు, కొవ్వులోకే వెళ్లి కూర్చుంటుంది. ఆ సంగతి నాకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు. ఫ్లాస్కు మెడ, దాని గోడకు పట్టిన కొవ్వు పొర, ఆ కొవ్వు కణంలోకి జారుకోవడం ఒకదాని వెనక ఒకటి కళ్ల ముందుకొచ్చాయి.

"ఏమైందక్కా, ముఖం గట్లయింది?"

"ఏం లే, పా."

జాకెట్టు ముక్కలు ఏ రంగువి కొన్నామో ఇంటికి వచ్చి కవరు విప్పేదాకా నాకు తెలియదు.

మంగళవారం పొద్దున ఆ అమ్మాయికి చెప్పాలనే బయల్దేరాను. ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుని శుక్రవారం చూపించాల్సిన బొమ్మలు సర్దుకుంటోంది. తెర మీద నిండా అవే ఆకుపచ్చ చుక్కలు. వాళ్ల అమ్మీ చేసి పంపిందని ఖుబానీ కా మీఠా అనే తీపి వంటకం ఒక డబ్బాలో నా కోసం తెచ్చింది. "మీ చేతి ఫ్లాస్కు ఖాలా, మస్తు బరకత్ ఉంది మీ చేతిల," అంది. డబ్బా తీసుకుని సింకు దగ్గరికి వచ్చేశాను.

రిజిస్టరు తెరిచాను. ఆ మంగళవారం వరస. మూడు ఫ్లాస్కుల నంబర్లు. గ్లవ్స్ దగ్గర టిక్కు. నా చేతి టిక్కే. చదువు నేర్చుకున్నాక నేను రాసిన అబద్ధం అది. అదొక్కటే కాదు, పైన వరసలో కూడా అదే, దాని పైన కూడా అదే. పేజీలు వెనక్కి తిప్పాను, అన్నింట్లోనూ అదే.

ఎవరికీ తెలియదు. పుస్తకంలో నేను గ్లవ్స్ వేసుకున్నానని ఉంది. చెబితే నా పని పోతుంది. కాంట్రాక్టరు మనిషి ఇంతకన్నా చిన్న తప్పుకే నిరుడు ఒకామెను మర్నాటి నుంచి రావద్దన్నాడు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుస్తూనే ఉంది. పసుపు నా వేలి మీంచి ఇంకో వారానికి పోతుంది. ఇకమీదట నేను కడిగే ఫ్లాస్కుల్లో అది ఉండదు. ఆ వెలుగు మళ్లీ రాదు. పెద్దల ముందు ఒకసారి చూపించాక మళ్లీ చేసి చూపించమంటారు, అప్పుడు ఎన్నిసార్లు చేసినా నల్లగానే ఉంటుంది. అబద్ధం ఆడిందని అప్పుడు అనేది నన్ను కాదు, ఆ పిల్లని.

ఆ రోజంతా మూడుసార్లు ఆమె కుర్చీ వెనక దాకా వెళ్లి నిలబడ్డాను. ఒకసారి ఫోను మాట్లాడుతోంది. ఒకసారి సారు వచ్చాడు. మూడోసారి ఎవరూ లేరు, ఏ అడ్డమూ లేదు. "ఏంది ఖాలా?" అంది. "చెత్తడబ్బా తీస్తున్న," అన్నాను. ఖాళీ డబ్బానే తీసుకెళ్లి దులిపి తెచ్చాను.

ఇంట్లో మా యారాలితో చెప్పాను. ఆమె రొట్టెల పిండి పిసకడం ఆపలేదు.

"నీకేం పిచ్చా అక్కా? ఆ ల్యాబులోళ్లు పెద్ద పెద్ద చదువులోళ్లు. వాళ్లకు తెల్వంది నీకు తెలుస్తదా? నీ వేలు వెలిగిందని క్యాన్సరు మందు ఆగుతదా? పో, అన్నం తిను."

"గట్లనే అనుకుందామనుకున్న."

"అనుకో మరి."

"అనుకుంటే గా పిల్ల ముఖం కనవడ్తుంది."

మా యారాలు పిండి చేతులు అలాగే పెట్టి కొంచెంసేపు నన్ను చూసింది. "పని పోతే నన్నడుగకు," అని మళ్లీ పిసకడం మొదలుపెట్టింది.

బుధవారం ల్యాబ్‌లోకి వెళ్తూనే, బ్యాగు కూడా పెట్టకుండా ఆమె దగ్గరికి నడిచాను. ఆగితే మళ్లీ చెత్తడబ్బా ఎత్తుకుంటానని తెలుసు.

"బిడ్డా, ఒక మాట."

"జర జల్దీ చెప్పండి ఖాలా, పదింటికి సర్ స్లైడ్లు చూస్తనన్నరు."

"ఆ వెలుగు నాది కావొచ్చు."

నవ్వింది. "మీదే. మీ దువా లేకుంట అయితదా?"

"దువా కాదు. పసుపు."

బోనాలు, పసుపు కొట్టడం, మంగళవారం కడిగిన ఫ్లాస్కులు, దుకాణం లైటు అన్నీ చెప్పాను. వినేకొద్దీ ఆమె ముఖంలో నవ్వు పోవడం నేను చూస్తూనే ఉన్నాను. మధ్యలో లేచి రిజిస్టరు తెచ్చింది. ఆ వరస మీద వేలు పెట్టింది.

"ఇగో, గ్లవ్స్ టిక్ ఉంది గదా. మీరు వేస్కున్నరు. మర్చిపోయిన్రు ఖాలా. మీకు గట్ల అనిపిస్తుంది, అంతే."

ఆమె అలాగే నమ్మాలనుకుంటోంది. నేను తల ఊపితే అక్కడితో అయిపోయేది.

"ఆ టిక్కు అబద్ధం బిడ్డా. వేలు పెట్టి చూసేందుకు తీస్తా."

"ఆ ఒక్క దినం తీసిన్రా?"

"రోజూ తీస్తా."

"రోజూ?"

"రెండేండ్ల సంది."

ఆమె రిజిస్టరు మూసేసింది. తర్వాత లేచి, ల్యాబ్‌లో ఉన్న ఊదారంగు దీపం వెలిగించి, "చెయ్యి పెట్టండి," అంది. పెట్టాను. గోటి అంచున సన్నగా, నెలవంక గీసినట్టు, వెలిగింది. ఫ్రిజ్‌లోంచి ఆ బుడగల ట్యూబు తీసింది. అందులో ఇంకా జీన్ కలపలేదు. దీపం కింద పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. వెలుగు ఉందనిపిస్తే ఉంది, లేదనిపిస్తే లేదు.

"ఇట్ల తేలదు. కణాల్ల వేసి చూడాలె," అంది. "వినండి. జీన్‌తోని వచ్చే వెలుగుకు కమ్ సే కమ్ ఒక దినం పడ్తది. కణం హుకుం చదవాలె, చదివి రంగు తయారు చెయ్యాలె. ఇప్పుడు జీన్ లేకుంట ఉత్త బుడగలు వేస్త. నాలుగు గంటలల్ల వెలిగినయంటే అది జీన్ కాదు."

"వెలగకుంటే?"

"వెలగకుంటే మీరు నాకు పొద్దుగాల పొద్దుగాల హార్ట్ ఎటాక్ తెప్పించినట్టు."

కణాల్లో బుడగలు వేసేటప్పటికి పదింబావు. సారు వచ్చి స్లైడ్లు అడిగాడు. "సాయంత్రం చూపిస్త సర్, ఒకటి చెక్ చెయ్యాలె," అంది. ఏమిటని సారు అడగలేదు. నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఆ నాలుగు గంటలు నేను చేసిన పని ఏమిటంటే, తుడిచిన బల్లనే మళ్లీ తుడవడం. ఆమె ఆ వెచ్చటి పెట్టె ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. కణాలు అందులోనే పెరుగుతాయి. తలుపు మాత్రం తెరవలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పలేదు. నేనూ విప్పలేదు. ఒకసారి, "పసుపు ఎంత కొట్టిన్రు?" అని అడిగింది. "నాలుగు కిలోలు," అన్నాను. "నాలుగు కిలోలు," అని తనలో తను అనుకుంది. ఆ వెలుగు నిజం కావాలని, నేను తప్పు అనుకుని ఉండాలని, నన్ను అందరూ తిట్టి నవ్వుకోవాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

రెండుంబావుకు కణాలున్న చిన్న గిన్నె తీసుకుని చీకటిగదిలోకి వెళ్లింది. నేను తలుపు బయట నిలబడ్డాను. లోపల స్విచ్చు చప్పుడైంది. కాసేపటికి, "లోపటికి రండి," అంది.

అప్పటిదాకా నన్ను ఆ గదిలోకి ఎవరూ రమ్మనలేదు. మైక్రోస్కోపుకు కళ్లు ఆనించి చూశాను. మొదట నా రెప్పలే అడ్డొచ్చాయి. తర్వాత కనిపించింది. ఫొటోలో చూసిందే. నల్లటి ఆకాశం నిండా చుక్కలు.

"అందులో జీన్ లేదు ఖాలా," అంది వెనక నుంచి. "మొత్తం పసుపే."

నేను తల ఎత్తలేదు.

"నాలుగేండ్లకు ఒక్కసారి మంచిగొచ్చింది. అమ్మీకి చెప్పిన. అబ్బాజాన్ మా గల్లీ మొత్తం చెప్పిండు. నిన్ననే ఎందుకు చెప్పలే మీరు? నిన్న నా ఎనక మూడుసార్లొచ్చి నిలవడ్డరు గదా."

"భయమైంది."

"నాకిప్పుడైతుంది భయం," అని ఏడ్చింది. చీకట్లో ఆమె ముఖం నాకు కనపడలేదు. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. ఆ చెయ్యి పెట్టే హక్కు నాకుందని అనిపించక అలాగే నిలబడ్డాను.

సారుకు తనే చెప్పింది. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. సారు కూడా వెళ్లి చూసి వచ్చాడు. నన్ను పిలిచి, "రోజూ వేలు పెట్టేదానివా?" అని అడిగాడు. అవునన్నాను. "చదువొచ్చిన మనిషివని గదమ్మా నిన్ను ఇక్కడ పెట్టింది," అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది, మామూలుగా అన్నాడు. "రేపటి సంది నువ్వీ రూంలకు రాకు. కారిడార్లు చూస్కో. కాంట్రాక్టరుకు నేనేం చెప్పను," అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె కొత్తగా వచ్చిన పెట్టె సీలు తీసి, ఎవరి చెయ్యీ పడని ఫ్లాస్కులో అవే పాళ్లతో మళ్లీ బుడగలు చేసింది. ఒక గిన్నెలో జీన్ ఉన్నవి, ఇంకో గిన్నెలో లేనివి వేసింది. శుక్రవారం పొద్దున చూడాలి. పెద్దలు పదకొండింటికి వస్తారు.

శుక్రవారం నేను మూడో అంతస్తు కారిడారు తుడుస్తున్నాను. తొమ్మిదింటికి ఆమె చీకటిగదిలోకి వెళ్లింది. నేను మాపు కర్ర పట్టుకుని, తడిచిన నేలనే తడుపుతూ, ఆ తలుపు దరిదాపుల్లోనే తిరిగాను. బయటికి వచ్చినప్పుడు కళ్లు నులుముకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగింది. మాట్లాడకుండా వెళ్లిపోతుందేమో అనుకున్నాను.

"ఉన్నయి," అంది. "తక్కువున్నయి ఖాలా. మస్తు తక్కువ. వేళ్ల మీద లెక్కవెట్టొచ్చు."

"జీన్ లేనియి?"

"నల్లగున్నయి. ఒక్కటి గూడ లేదు."

"అయితే గవి నిజమైనయే గదా?"

"నిజమైనయే. గన్ని తక్కువ నిజం చూపిస్తే ఎవ్వలొప్పుకుంటరు?" అని లోపలికి వెళ్లింది.

పెద్దలు నలుగురు వచ్చారు. మీటింగు గది తలుపు వేసుకున్నారు. ఆమె గొంతు వినిపిస్తోంది, ఇంగ్లీషులో, మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా. మధ్యలో 'టర్మరిక్' అన్న మాట వినబడింది. మసాలా ప్యాకెట్ల మీద ఆ మాట నేను చదివాను. ఎవరో పెద్దగా నవ్వారు. ఆమె గొంతు ఆగలేదు. ఆ నవ్వు ఆగిపోయింది. ఇంకెవరో ఏదో అడిగారు, ఆమె జవాబు చెప్పింది, మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పింది. నేను ఆ కారిడారును ఎన్నిసార్లు తుడిచానో గుర్తు లేదు.

ఒంటిగంట దాటాక తలుపు తెరుచుకుంది. పెద్దలు సారుతో మాట్లాడుతూ మెట్ల వైపు వెళ్లారు. ఆమె చివర వచ్చింది.

"ఏమన్నరు బిడ్డా?"

"ఎలుకలు గిలుకలు ఏం లేవు ఇప్పుడు. ఆర్నెల్లిచ్చిన్రు. మొదటి సంది మూడుసార్లు చేసి చూపియ్యమన్నరు. మూడుసార్లొస్తే అప్పుడు మాట్లాడుదమన్నరు."

"ఆపమనలే?"

"ఆపమనలే." గోడకు ఆనుకుని నిలబడింది. "ఎట్ల తెలిసిందని అడిగిన్రు. కడిగే ఖాలా వచ్చి చెప్పిందని చెప్పిన."

"ఏమన్నరు?"

"ఒకాయన రాసుకున్నడు." మెట్ల వైపు చూస్తూ, "మీ మీద కోపం పోలే ఖాలా నాకు. పోతదో లేదో తెల్వదు," అంది.

"ఉండనీ బిడ్డా."

తర్వాతి సోమవారం నేను కారిడారులో కిటికీ అద్దాలు తుడుస్తున్నాను. అద్దం అవతల ల్యాబ్. సింకు దగ్గర ఆ అమ్మాయి తన ఫ్లాస్కు తనే కడుగుతోంది. నా జాగాలోకి ఇంకా ఎవరినీ తీసుకోలేదు. నురగ వచ్చేదాకా రుద్దింది, నీళ్లు పోసింది, తిప్పింది, వంచింది. వెలుతురుకెత్తి చూసి, చాలనుకుని, ఆరబెట్టే మేకుకు తగిలించబోయింది. ఫ్లాస్కు లోపలి గోడ మీద నీళ్లు సాఫీగా జారకుండా చుక్కలు చుక్కలుగా నిలబడి ఉన్నాయి. లోపల ఇంకా సబ్బో జిడ్డో మిగిలే ఉందన్నమాట.

ఆ గదిలోకి రావద్దని నాకు చెప్పారు. బయటి నుంచి పిలవొద్దని ఎవరూ చెప్పలేదు. అద్దం మీద తట్టాను. ఆమె తల తిప్పి చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది. మళ్లీ తట్టాను. ఈసారి చూస్తూ నిలబడింది. చేత్తో గాలిలో గుండ్రంగా తిప్పి, కిందికి వంచి చూపించాను, ఇంకోసారి అని.

ఆమె ఫ్లాస్కు వైపు చూసుకుంది. నా వైపు చూసింది. కుళాయి తిప్పింది.